పండ్ల సారం, కణపొర: బలం కన్నా చోటు ముఖ్యం

యాపిల్ కోసి పళ్లెంలో పెట్టి, ఒక ఫోన్ మాట్లాడి వచ్చేసరికి ముక్కలు గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. గాలి తగిలింది కదా అనుకుంటాం. కానీ కోయని యాపిల్‌లోనూ గాలి ఉంటుంది. దాని పరిమాణంలో దాదాపు నాలుగో వంతు గాలే, అందుకే అది నీళ్లలో మునగదు. మరి కొయ్యనంత వరకు లోపల తెల్లగానే ఎలా ఉంది?

తేడా తెచ్చింది కత్తి. యాపిల్ కణాన్ని ఒక ఇల్లనుకుంటే అందులో గదులు ఉంటాయి. పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఒక గదిలో దాచి ఉంటాయి. వాటిని ఆక్సిజన్‌తో కలిపే ఎంజైమ్ ఇంకో గదిలో ఉంటుంది. మధ్యలో పలచటి పొరలు. కత్తి దిగిన చోట ఆ పొరలు తెగిపోతాయి, రెండు గదుల సరుకూ కలిసిపోతుంది, నిమిషాల్లో రంగు మారుతుంది. గాలి ముందునుంచీ ఉంది. పోయింది పొర.

ఇంకో తమాషా కూడా ఉంది. ఈ పాలీఫినాల్సే మందుల సీసాల మీద, జ్యూస్ డబ్బాల మీద యాంటీఆక్సిడెంట్లుగా పేరు తెచ్చుకున్నవి. ఆక్సీకరణను ఆపాల్సినవి తామే ఆక్సీకరణ చెంది నల్లబడ్డాయేమిటి? నిజానికి యాంటీఆక్సిడెంట్ చేసే పనే అది. పక్కనున్న విలువైన వస్తువు కన్నా ముందు తాను ఆక్సిజన్‌కు చిక్కుతుంది. తాను కాలి పక్కదాన్ని మిగులుస్తుంది. పక్కన కాపాడాల్సిన వస్తువు లేకపోతే, లేదా అది ఎక్కడో దూరంగా ఉంటే, ఊరికే కాలిపోతుంది అంతే.

పండ్ల సారాలు కణాల పొరల్ని ఆక్సీకరణ నుంచి కాపాడతాయని చెప్పే పరిశోధనలు చాలానే ఉన్నాయి. వాటిలో నిజం ఉంది. అయితే ఆ నిజం టెస్ట్‌ట్యూబ్ దాటి మన ఒంట్లోకి వచ్చేసరికి చాలా రూపం మారుతుంది. ఎక్కువమంది అడిగేది ఈ పండులో యాంటీఆక్సిడెంట్ బలం ఎంత అని. కణపొర విషయంలో అది రెండో ప్రశ్న. ఆ అణువు పొరకు ఎంత దగ్గరగా, ఏ లోతులో, ఏ సమయానికి ఉందన్నది మొదటి ప్రశ్న.

నూనె లాంటి గోడ

1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వునంతా బయటికి తీసి, నీటి మీద ఒక్క అణువు మందాన పరిచి చూశారు. ఆ కొవ్వు పరుచుకున్న వైశాల్యం కణాల పైభాగపు వైశాల్యానికి దాదాపు రెట్టింపు వచ్చింది. అంటే పొర రెండు వరసలుగా ఉంది. (వాళ్ల లెక్కలో రెండు తప్పులు దొర్లాయని తర్వాత తేలింది. కొవ్వు పూర్తిగా బయటికి రాలేదు, కణాల వైశాల్యాన్ని తక్కువగా కట్టారు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు సరిగ్గా వచ్చింది. సైన్సులోనూ అదృష్టం ఉంటుంది.)

ఆ రెండు వరసల్లో ఉండేవి ఫాస్ఫోలిపిడ్లు. ఒక్కోదానికి నీటిని ఇష్టపడే తల, నీళ్లంటే గిట్టని రెండు కొవ్వు తోకలు. తలలు రెండువైపులా నీళ్లకు ఎదురుగా నిలబడతాయి, తోకలు మధ్యలో దాక్కుంటాయి. మొత్తం మందం 5 నానోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మామూలు కాగితం మందంలో ఇలాంటివి ఇరవై వేల పొరలు పట్టేస్తాయి. దీన్ని గోడ అంటున్నాం గానీ ఇటుకల గోడలా బిగుసుకుని ఉండదు. అణువులు పక్కపక్కన జారుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. మధ్యలో ప్రొటీన్లు తేలుతుంటాయి. చల్లారిన నెయ్యిలా గట్టిపడితే ఆ ప్రొటీన్లు పని చేయలేవు, అందుకే పొర ఎప్పుడూ నూనెలా పలచగా ఉండాలి.

ఆ పలచదనం తోకల్లోని ద్విబంధాల (రెండు కార్బన్ల మధ్య జంట బంధాల) వల్ల వస్తుంది. ద్విబంధం ఉన్న చోట తోక వంగుతుంది, వంగిన తోకలు దగ్గరగా సర్దుకోలేవు, కాబట్టి గడ్డకట్టవు. కణానికి ఇది వరం. ముప్పు కూడా ఇక్కడే ఉంది. రెండు ద్విబంధాల మధ్య ఇరుక్కున్న కార్బన్ మీద ఉండే హైడ్రోజన్ పట్టు చాలా వదులు, కాస్త లాగితే ఊడి వచ్చేస్తుంది. ఈ తోకలు రకరకాల కొవ్వు ఆమ్లాలు. వాటిలో లినోలిక్ ఆమ్లంలో అలాంటి వదులు చోటు ఒకటి ఉంటుంది, అరాకిడోనిక్ ఆమ్లంలో మూడు. మెదడులో, కంటి రెటీనాలో దండిగా ఉండే డీహెచ్ఏలో ఐదు. పొర ఎంత పలచగా ఉండాలనుకుంటుందో అంత తేలిగ్గా అంటుకుంటుంది. పైగా ఆక్సిజన్ నీటిలో కన్నా కొవ్వులో ఎక్కువ కరుగుతుంది. కట్టెలు, గాలి రెండూ ఒకే చోట సిద్ధంగా ఉన్నాయన్నమాట. కావాల్సింది నిప్పురవ్వే.

నిప్పురవ్వ పేరు ఫ్రీ రాడికల్. జత లేని ఎలక్ట్రాన్‌తో తిరిగే అణువు. అది ఆ వదులు హైడ్రోజన్‌ను లాగేసుకుంటుంది. ఇప్పుడు తోకలోని కార్బన్‌కు ఎలక్ట్రాన్ కొరత. పక్కనే ఉన్న ఆక్సిజన్ వచ్చి దానికి అతుక్కుని పెరాక్సిల్ రాడికల్ అవుతుంది. అది పక్క తోక నుంచి హైడ్రోజన్ లాగుతుంది. ఆ పక్క తోక మళ్లీ అదే పని చేస్తుంది. మొదట జరిగింది ఒక్క దొంగతనమే అయినా, ఆపేవాళ్లు లేకపోతే పదుల కొద్దీ తోకలు పాడవుతాయి. దీన్నే లిపిడ్ పెరాక్సిడేషన్ అంటారు. వంటనూనె కనరు వాసన కొట్టడం వెనక ఉన్నదీ ఇదే చర్య.

పాడైన తోక ఏం చేస్తుందో దగ్గరి నుంచి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆక్సిజన్ అతుక్కున్నాక ఆ భాగం నీటిని ఇష్టపడటం మొదలుపెడుతుంది. ఇన్నాళ్లూ లోపల దాక్కున్న తోక ఇప్పుడు వంగి పైకి, నీటి వైపు తేలుతుంది. చాప నుంచి పుల్లలు లేచినట్టు పొర మీద తోకలు లేస్తాయి. మధ్యలో ఖాళీలు పడతాయి, పొర మందం తగ్గుతుంది, రానివ్వకూడనివి లోపలికి కారతాయి. కొన్ని తోకలు తెగి మలోండైఆల్డిహైడ్ లాంటి చిన్న ముక్కలుగా బయటికొచ్చి దూరంగా ఉన్న ప్రొటీన్లకు అతుక్కుని వాటినీ చెడగొడతాయి. ఇనుము తోడై, ఈ మంట అదుపు తప్పితే కణమే చనిపోతుంది. అలాంటి చావుకు 2012లో ఫెరాప్టోసిస్ అని పేరు పెట్టారు. ఫెర్రమ్ అంటే ఇనుము.

పొరలో కాపలా ఉన్నదెవరు

ఇంత ముప్పున్న చోట కాపలా లేకుండా ఉండదు. పొరలో స్థిరనివాసం ఉండే కాపలాదారు విటమిన్ ఈ. 1922లో బర్క్‌లీలో హెర్బర్ట్ ఇవాన్స్, కేథరిన్ బిషప్ ఎలుకల మీద పని చేస్తూ దీన్ని కనిపెట్టారు. ఇది లేని తిండి తిన్న ఎలుకలకు గర్భం నిలవలేదు. అందుకే కాన్పుకు సంబంధించిన గ్రీకు మాటతో టోకోఫెరాల్ అన్న పేరు పడింది. పొరకు కాపలా కాయడమే దీని పని అని అర్థం కావడానికి తర్వాత చాలా ఏళ్లు పట్టింది.

సంఖ్యలో చూస్తే ఇది చాలా తక్కువ. వెయ్యి ఫాస్ఫోలిపిడ్లకు ఒకటి అటూ ఇటూగా ఉంటుంది. అయినా సరిపోతుంది, ఎందుకంటే నిలబడిన చోటు అలాంటిది. దాని పొడవాటి తోక కొవ్వులో దిగి లంగరులా పట్టుకుంటుంది. హైడ్రోజన్ ఇచ్చే తల మాత్రం పొర పైఅంచు దగ్గర ఉంటుంది. పెరాక్సిల్ రాడికల్ కూడా నీటి వైపుకే తేలుతుందని చెప్పుకున్నాం కదా. సరిగ్గా అక్కడే విటమిన్ ఈ ఎదురవుతుంది. పక్క తోక కన్నా ఎన్నో వందల రెట్లు వేగంగా తన హైడ్రోజన్ ఇచ్చేస్తుంది, గొలుసు అక్కడితో తెగుతుంది.

ఇచ్చేశాక విటమిన్ ఈ ఖాళీ. కాకపోతే అది పొర అంచున ఉంది, అవతల నీటిలో విటమిన్ సి తిరుగుతుంటుంది. సి వచ్చి ఈకి హైడ్రోజన్ తిరిగిస్తుంది. పొరలోకి సి ఎప్పుడూ అడుగుపెట్టదు, గట్టు మీద నిలబడి చేయందిస్తుంది. ఖాళీ అయిన సిని కణం తనకోసం తయారు చేసుకునే గ్లూటాథయోన్ అనే రక్షణ అణువు, అలాంటివే మరికొన్ని తిరిగి సిద్ధం చేస్తాయి. యాపిల్ ముక్కల మీద నిమ్మరసం పిండినప్పుడు జరిగేదీ దాదాపు ఇలాంటిదే. పులుపు ఎంజైమ్‌ను మందగింపజేస్తుంది, విటమిన్ సి ఆక్సీకరణ చెందిన పాలీఫినాల్‌ను మళ్లీ పాత రూపానికి తెస్తుంది. సి ఉన్నంతసేపూ రంగు మారదు. అది అయిపోగానే ముక్క అంచులు మెల్లగా నల్లబడతాయి. ఈ "ఉన్నంతసేపూ" అన్న మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ పనికొస్తుంది.

ఇంతకీ పండ్ల సారం ఈ కాపలాలో ఏ మూల నిలబడుతుంది?

పండులో ఎక్కువ భాగం నీరు. కాబట్టి పండ్ల నుంచి తీసే సారంలో సహజంగానే నీటిని ఇష్టపడే పదార్థాలు ఎక్కువ. విటమిన్ సి, పుల్లటి ఆమ్లాలు, చక్కెరలు, రకరకాల పాలీఫినాల్స్. విటమిన్ ఈ లాంటి కొవ్వులో కరిగేవి చాలా పండ్లలో అంతంతమాత్రమే. అవకాడో, ఆలివ్ లాంటివి దీనికి మినహాయింపు. టమాటాలోని లైకోపీన్ కూడా కొవ్వులో కరిగే రకమే. సారం అన్న మాటే కాస్త మోసపూరితం. ఒకే పండును నీటిలో నానబెడితే ఒక సారం వస్తుంది, ఆల్కహాల్‌లో నానబెడితే ఇంకో సారం, కొవ్వును కరిగించే ద్రావకంలో వేస్తే మూడోది. మూడింటిలోనూ సరుకు వేరు. సీసా మీద పండు పేరు మాత్రం ఒకటే ఉంటుంది.

పొర దగ్గరికి వచ్చాక ఒక్కో అణువు ఒక్కో చోట ఆగుతుంది. విటమిన్ సి నీటిలోనే ఉంటుంది. నేరేడు, ద్రాక్ష, బ్లూబెర్రీల నలుపు ఊదా రంగులకు కారణమైన ఆంథోసయనిన్లకు చక్కెర అణువు తగిలించి ఉంటుంది. ఆ చక్కెర వాటిని నీటి వైపే లాగుతుంది కాబట్టి అవి ఎక్కువగా పొర పైభాగాన, తలల వరస దగ్గరే ఆగిపోతాయి. యాపిల్ తొక్కలో, ఉల్లిలో ఉండే క్వెర్సెటిన్ చక్కెర లేకుండా ఉంటే తలలకూ తోకలకూ మధ్య సందులోకి దూరగలదు. కానీ మొక్కల్లో అది చాలావరకు చక్కెర తగిలించుకునే ఉంటుంది. లైకోపీన్ లాంటి కెరోటినాయిడ్లు తోకల మధ్యలోకి పూర్తిగా మునుగుతాయి. ఒక చక్కెర అణువు ఉందా లేదా అన్న చిన్న తేడా, ఆ అణువు మంట పక్కన నిలబడుతుందా, వీధి చివర నిలబడుతుందా అన్నది తేలుస్తుంది.

ఎర్రబడే ట్యూబు

ఇలాంటి పరిశోధనల్లో తరచుగా కనిపించే పరీక్ష ఒకటుంది. చూడటానికి కూడా బాగుంటుంది. కాస్త రక్తం తీసుకుని, ప్లాస్మాను తీసేసి, ఎర్ర కణాల్ని ఉప్పు ద్రావణంలో రెండు మూడుసార్లు కడుగుతారు. ఎర్ర కణాన్నే ఎంచుకోవడానికి గట్టి కారణాలున్నాయి. దానికి కేంద్రకం లేదు, లోపల ఇతర గదుల్లేవు, ఉన్నది ఒక్క బయటి పొరే. కొత్త ప్రొటీన్లు చేసుకునే వీలు లేకుండానే 120 రోజులు బతకాలి. లోపల ఇనుముతో నిండిన హిమోగ్లోబిన్, దానికి అంటిపెట్టుకుని ఆక్సిజన్. ఆక్సీకరణ అంటుకోవడానికి ఇంతకన్నా అనువైన కణం ఉండదు.

కడిగిన కణాల్లో ఏఏపీహెచ్ అనే రసాయనం కలిపి 37 డిగ్రీల దగ్గర పెడతారు. అది ఒకే వేగంతో, కొళాయి చుక్కలు పడ్డట్టు, రాడికల్స్ పుట్టిస్తూనే ఉంటుంది. మొదట్లో ఏమీ జరగదు. ట్యూబు మసకగా, ఎర్రమట్టి కలిపిన నీళ్లలా ఉంటుంది. అప్పుడప్పుడూ కొంచెం తీసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కణాలన్నీ అడుగున ఎర్రటి ముద్దగా కూర్చుంటాయి, పైన తేట నీళ్లు. విటమిన్ ఈ నిల్వ కరుగుతున్నంతసేపూ ఇంతే. తర్వాత ఒక దశలో పైనున్న తేట నీటికి గులాబీ రంగు వస్తుంది. కాసేపటికి చిక్కటి ఎరుపు. పొరలు చిరిగి హిమోగ్లోబిన్ బయటపడిందన్నమాట. మసకగా ఉన్న ట్యూబు చిత్రంగా పారదర్శకమైన ఎర్రటి ద్రవంగా మారిపోతుంది. ఆ ఎరుపును 540 నానోమీటర్ల కాంతితో కొలుస్తారు.

పండ్ల సారం కలిపితే ఏమవుతుంది? ఏమీ జరగని ఆ మొదటి దశ పొడుగవుతుంది. అరగంట, గంట, ఇంకా ఎక్కువసేపు. నిమ్మరసం పిండిన యాపిల్ ముక్క లాగే సారం ఉన్నంతసేపూ కణాలు నిలుస్తాయి, అయిపోగానే పగలడం మొదలవుతుంది. దానిమ్మ, ద్రాక్ష, బెర్రీల సారాలతో ఇలాంటి ఫలితాలు మళ్లీ మళ్లీ వచ్చాయి. ఇందులో అనుమానించాల్సింది లేదు.

అనుమానం ఈ ఫలితానికి చెప్పే అర్థం దగ్గర వస్తుంది. ఏఏపీహెచ్ నీటిలో కరుగుతుంది, రాడికల్స్‌ను నీటిలోనే పుట్టిస్తుంది. పండ్ల సారమూ అదే నీటిలో ఉంది. రాడికల్ పొరను తాకకముందే నీటిలోనే పట్టుబడిపోతుంది. దొంగను వీధి గేటు దగ్గరే పట్టుకున్నట్టు. ఇల్లు భద్రంగా ఉన్న మాట నిజమే, కానీ దొంగ అప్పటికే ఇంట్లో ఉంటే ఈ కాపలా పనికొస్తుందా అన్న ప్రశ్నకు ఈ పరీక్ష జవాబు చెప్పదు. ఒంట్లో జరిగే పెరాక్సిడేషన్‌లో దొంగ చాలాసార్లు పొర లోపలే పుడతాడు. అందుకే జాగ్రత్త గల పరిశోధకులు కొవ్వులో కరిగి, పొర లోపలే రాడికల్స్ పుట్టించే రసాయనంతో కూడా పరీక్షిస్తారు. ఇంకో తేలికైన పద్ధతి కూడా ఉంది. కణాల్ని సారంలో కాసేపు ఉంచి, సారాన్ని పూర్తిగా కడిగేసి, ఆ తర్వాత రాడికల్స్‌ను వదలడం. అప్పుడూ రక్షణ మిగిలితే ఏదో పొరకు అంటుకుని నిలిచిందని నమ్మొచ్చు. ఇలాంటి పేపరు చదివేటప్పుడు నేను మొదట వెతికేది ఈ కడిగిన మెట్టు ఉందా లేదా అనే.

మైక్రోస్కోపులో ఇంకో ఆధారం దొరుకుతుంది. మామూలుగా ఎర్ర కణం మధ్యలో నొక్కిన బిళ్లలా ఉంటుంది. పరాయి అణువులు పొర బయటి వరసలోకి దూరితే ఆ వరస కాస్త సాగుతుంది, లోపలి వరస సాగదు. ఎక్కువైన బయటి వరస ఎటు పోవాలో తెలియక ముళ్లు ముళ్లుగా పైకి లేస్తుంది. లోపలి వరసలో చేరితే కణం గిన్నెలా గుంటపడుతుంది. 1974లో షీట్జ్, సింగర్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన వివరణ ఇది. పాలీఫినాల్స్ ఎక్కువగా ఉన్న సారాలతో కణాలకు ముళ్లు లేవడం కనిపిస్తుంది. అంటే ఆ అణువులు బయటి వరసలోనే ఆగాయి, లోతుకు పోలేదు. తలల వరసలో కుదురుకుని, పొరను కాస్త బిగించి, రాడికల్స్ లోపలికి దిగే దారిని ఇరుకు చేస్తుండొచ్చు. హైడ్రోజన్ ఇవ్వడం ఒక్కటే కాకుండా ఇలాంటి కాపలా కూడా ఉందన్నమాట. అయితే పొర బిగిసినా, సాగినా అందులో తేలే ప్రొటీన్ల పని కూడా మారుతుంది. ఎక్కువ మోతాదులో ఇది మేలుగానే ఉంటుందన్న గ్యారంటీ లేదు.

ఇక ఊదా రంగు డీపీపీహెచ్ ద్రావణంలో సారం కలిపి, అది పసుపుకు తిరిగితే "శక్తివంతమైన యాంటీఆక్సిడెంట్" అని రాసేసే పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. చవక, తొందరగా అవుతుంది, రంగు మారడం చూస్తే ముచ్చటేస్తుంది. కాకపోతే అందులో కణం లేదు, పొర లేదు, చాలాసార్లు నీళ్లు కూడా ఉండవు. డీపీపీహెచ్ ఏ జీవిలోనూ పుట్టే రాడికల్ కాదు. ఇలాంటి ట్యూబు అంకెల్లో బాగా ప్రచారమైనది ఓఆర్ఏసీ స్కోరు. ఆహార పదార్థాలకు ఆ స్కోర్లు పెట్టిన పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ట్యూబులో వచ్చిన అంకె ఒంట్లో జరిగేదాన్ని చెప్పదని, ఆ అంకెల్ని కంపెనీలు ప్రచారానికి వాడుకుంటున్నాయని కారణం కూడా చెప్పింది. అయినా ఆ అంకెలు ఇప్పటికీ సీసాల మీద తిరుగుతూనే ఉన్నాయి.

కణాల్ని డిష్‌లో పెంచి చేసే పరీక్షల్లో ఇంకో చిక్కుంది. యాపిల్ ముక్క సంగతి మళ్లీ ఇక్కడికే వస్తుంది. కణాల్ని పెంచే ద్రవంలో ఆక్సిజన్ బాగా ఉంటుంది. అందులో పాలీఫినాల్స్ పోస్తే వాటిలో కొన్ని అక్కడికక్కడే ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. కణాలు చస్తే సారమే చంపిందంటారు, కణాలు రక్షణ పెంచుకుంటే సారమే పెంచిందంటారు. పని చేసింది ఆ పెరాక్సైడ్ కావచ్చు. విడిగా తిరిగే ఇనుము దొరికితే విటమిన్ సి కూడా ఇలాగే ఎదురు తిరుగుతుంది. ఇనుమును మళ్లీ మళ్లీ చురుగ్గా ఉండే రూపానికి తెచ్చి, కొత్త రాడికల్స్‌కు దారి తీస్తుంది. అదే అణువు ఒకచోట కాపలాదారు, ఇంకోచోట అగ్గిపుల్ల.

నోటి నుంచి పొర దాకా

ట్యూబులో సారాన్ని పొర పక్కనే పోస్తాం. ఒంట్లో అది నోట్లో మొదలై, పేగు గోడ దాటి, కాలేయం గుండా రక్తంలోకి వచ్చి, అప్పుడు కణం దగ్గరికి చేరాలి. ఈ దారిలో చాలావరకు రాలిపోతుంది. తిన్న ఆంథోసయనిన్లలో మార్పు లేకుండా రక్తంలోకి వచ్చేది బహు కొద్ది. క్వెర్సెటిన్ లాంటివి కాస్త మెరుగు. కానీ పేగు, కాలేయం కలిసి వాటికి సల్ఫేటునో గ్లూక్యురోనిక్ ఆమ్లాన్నో తగిలించేస్తాయి. చాలాసార్లు ఆ తగిలింపు సరిగ్గా హైడ్రోజన్ ఇచ్చే చోటే పడుతుంది. దాంతో అణువు నీటిని ఇంకా ఎక్కువ ఇష్టపడుతుంది, పొరకు ఇంకా దూరమవుతుంది. ట్యూబు పరీక్షల్లో పదులు, వందల మైక్రోమోలార్లలో (మైక్రోమోలార్ అంటే గాఢతకు ఒక కొలమానం) పోస్తారు. రక్తంలో ఇవి సాధారణంగా ఒక మైక్రోమోలార్ అటూ ఇటూ, చాలాసార్లు ఇంకా తక్కువే, అదీ కొన్ని గంటల పాటే. విటమిన్ సి ఒక్కటే రక్తంలో పదుల మైక్రోమోలార్లలో ఎప్పుడూ ఉంటుంది.

మరి పండు తిన్నాక రక్తంలో యాంటీఆక్సిడెంట్ శక్తి పెరిగిందని చూపిన పరిశోధనలున్నాయి కదా? ఉన్నాయి. 2004లో ఓరెగాన్‌లో లొటిటో, ఫ్రై అనే ఇద్దరు దీన్నే తరచి చూశారు. యాపిల్స్ తిన్నవాళ్ల రక్తంలో ఆ శక్తి నిజంగానే పెరిగింది. కానీ పెంచింది యాపిల్ పాలీఫినాల్స్ కాదు, యూరిక్ ఆమ్లం! పండులోని ఫ్రక్టోజ్ కాలేయంలో ఖర్చయ్యేటప్పుడు యూరిక్ ఆమ్లం పుడుతుంది, అది రక్తంలో మంచి యాంటీఆక్సిడెంట్. అంతే ఫ్రక్టోజ్‌ను ఉత్తినే నీళ్లలో కలిపి ఇచ్చినా దాదాపు అదే ఫలితం వచ్చింది. ఇలాంటి పరిశోధన ఒక్కటి చదివితే వంద ప్రకటనల మీద అనుమానం వస్తుంది.

అలాగని పండ్ల సారాలకు ఒంట్లో పనే లేదని తీర్పు చెప్పేస్తే అదీ తొందరపాటే. పని చేసే దారులు వేరే ఉన్నాయి.

ఒకటి పొట్ట, పేగు. అక్కడ సారం ఇంకా పలచబడలేదు, తిన్నది తిన్నట్టే ఉంది. మాంసంలోని కొవ్వు, ఇనుము, పొట్టలోని ఆమ్లం కలిస్తే అక్కడే లిపిడ్ పెరాక్సిడేషన్ మొదలవుతుంది. అదే భోజనంలో పాలీఫినాల్స్ ఉంటే భోజనం తర్వాత రక్తంలో పెరిగే మలోండైఆల్డిహైడ్ తగ్గుతుందని మనుషుల్లోనే చూశారు. ఇక్కడ చోటు, మోతాదు, సమయం మూడూ కుదిరాయి. నన్నడిగితే పండ్ల పాలీఫినాల్స్ నేరుగా రాడికల్స్‌ను పట్టే పని చేసే చోటు ఏదైనా ఉంటే అది ఇదే.

రెండోది పెద్దపేగులోని బ్యాక్టీరియా. పైన ఇంకని పాలీఫినాల్స్‌ను అవి ముక్కలు చేసి చిన్న అణువులుగా మారుస్తాయి, ఆ ముక్కలు రక్తంలోకి బాగానే చేరతాయి. దానిమ్మలోని పెద్ద అణువుల నుంచి యూరోలిథిన్లు పుట్టేది ఇలాగే. అయితే ఆ పని చేయగల బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉండదు. ఒకే గ్లాసు దానిమ్మ రసం తాగిన ఇద్దరిలో ఒకరికి యూరోలిథిన్లు బోలెడు, ఇంకొకరికి సున్నా.

మూడోది కొంచెం వింత దారి. కణం లోపల ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీన్ ఒకటి ఉంది. దాన్ని కీప్1 అనే ఇంకో ప్రొటీన్ కట్టేసి ఉంచుతుంది. కణానికి చిన్న చిరాకు తగిలితే కట్టు వదులవుతుంది. ఎన్ఆర్ఎఫ్2 కేంద్రకంలోకి పోయి రక్షణ ఎంజైమ్‌లను, గ్లూటాథయోన్ తయారీని పెంచమని చెబుతుంది. పాలీఫినాల్స్‌లో కొన్ని ఆక్సీకరణ చెందిన రూపంలో సరిగ్గా అలాంటి చిరాకునే కలిగిస్తాయి. అంటే అవి మంట ఆర్పవు, ఫైర్ అలారం మోగిస్తాయి. ఇందుకు పెద్ద మోతాదు అక్కర్లేదు. పొర లోపల పెరాక్సైడ్‌గా మారిన తోకల్ని అక్కడే బాగుచేసే జీపీఎక్స్4 అనే ఎంజైమ్‌కు కావాల్సింది గ్లూటాథయోనే. ఫెరాప్టోసిస్‌ను అడ్డుకునే ముఖ్యమైన కాపలా కూడా ఇదే. ఈ దారి డిష్‌లోని కణాల్లో, జంతువుల్లో బాగానే కనిపించింది. మనుషుల్లో పండు తినే మోతాదుకు అలారం ఎంత గట్టిగా మోగుతుందన్నది ఇంకా తేలాల్సిన లెక్క.

ఐరోపా సంఘంలో ఆహారం మీద ఆరోగ్యపు మాట రాయాలంటే శాస్త్రీయ పరిశీలన దాటాలి. 2012 నాటి జాబితాలో ఒక పండు పాలీఫినాల్స్‌కు అలాంటి అనుమతి దక్కింది: ఆలివ్. 20 గ్రాముల నూనెలో కనీసం 5 మిల్లీగ్రాముల హైడ్రాక్సీటైరోసాల్, దాని సంబంధిత పదార్థాలు ఉంటే "రక్తంలోని కొవ్వుల్ని ఆక్సీకరణ నుంచి కాపాడటానికి తోడ్పడుతుంది" అని రాయొచ్చు. ఆ వాక్యంలో కణపొర ఊసు లేదని గమనించండి.

ఎక్కువ ఇస్తే ఎక్కువ మేలు అన్న లెక్క ఎక్కడ బెడిసికొట్టిందో కూడా చెప్పాలి. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. పండ్లలో, కూరల్లో ఉండే బీటా కెరోటిన్‌ను విడదీసి మాత్రలుగా ఇచ్చారు. ఊపిరితిత్తుల కాన్సర్ తగ్గుతుందని ఆశపడితే 18 శాతం పెరిగింది. పండు తినేవాళ్లలో కనిపించిన మేలును పండులోని ఒక్క అణువుకు కట్టబెట్టడం ఎంత ప్రమాదమో ఆ రోజు తెలిసొచ్చింది. ఆ పరీక్ష పండ్ల సారం మీద జరిగింది కాదు. అయినా సారాన్ని గాఢం చేసి, గాఢం చేసి గుళికలో కుక్కేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఇంతకీ మనిషి ఒంట్లో పొరలు ఎంత కాలుతున్నాయో కొలిచే పద్ధతి ఉందా అంటే, ఉంది. పొరలోని అరాకిడోనిక్ ఆమ్లాన్ని రాడికల్స్ తాకితే ఐసోప్రోస్టేన్లు అనే పదార్థాలు అక్కడికక్కడే తయారవుతాయి. తర్వాత ఎంజైమ్‌లు వాటిని పొర నుంచి కోసి వదిలేస్తే రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరతాయి. 1990లో మారో, రాబర్ట్స్ బృందం వీటిని బయటపెట్టింది. ట్యూబులో రంగు మారడం కన్నా ఈ కొలత ఎన్నో రెట్లు నమ్మదగింది. పొగతాగేవాళ్లలో, బాగా లావుగా ఉన్నవాళ్లలో ఈ అంకె ఎక్కువగా ఉంటుంది. విటమిన్ సి ఇచ్చి చూసిన పరీక్షల్లో తగ్గుదల కనిపించింది మొదటినుంచీ ఆ అంకె ఎక్కువగా ఉన్నవాళ్లలోనే. మామూలుగా ఉన్నవాళ్లకు ఇచ్చినా పెద్దగా కదల్లేదు. వాళ్ల పొరల్లో విటమిన్ ఈ ఉంది, గట్టు మీద సి ఉంది, లోపల జీపీఎక్స్4 ఉంది. ఆర్పడానికి అక్కడ మంట లేదు.